ఆఖరి చరణం అక్క దగ్గరుంది

తలుపు అవతల కుట్టుమిషన్ ఆగకుండా నడుస్తోంది.

ఇవతల అమ్మ అరచేత్తో తలుపు బాదుతోంది. సంగీతం మాస్టారు తన టోపీని రెండు చేతులా నలుపుతున్నాడు. డ్రైవరు, అంటే ఈ ఇంటి చిన్నల్లుడు, గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"తియ్యవే పెద్దదానా! పట్టపురాణినైనా ఇంతసేపు బతిమాలరు!"

మిషన్ జోరు పెంచింది.

"విన్నారుగా, అదీ దాని జవాబు," అంది అమ్మ వెనక్కి తిరిగి. "చిన్నది పాడుతుంటే తాళం వేసిన చెయ్యే. ఇప్పుడు తలుపుకి వేసింది."

"అమ్మగారూ, స్టూడియో మనకి మధ్యాహ్నమే ఇచ్చారు. సాయంత్రం డిపో మైదానంలో జనం పోగవుతారు. ఆవిడ ఆఖరి పాట వినిపిస్తామని రేడియోలో చెప్పాం..."

"చెప్పాం కాదు, చెప్పావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా మాస్టారూ! మూడు ముక్కలూ చేతికి రాకుండానే ఊరంతా చాటావు."

మాస్టారు టోపీని ఇంకో మెలిక తిప్పాడు. తప్పు తనదే. ఈ ఇంటి చిన్నకూతురు, అందరూ పిలిచే కండక్టరమ్మ, కన్నుమూసిన నాడు రేడియోవాళ్లు మైకు పట్టుకొస్తే, ఏడుస్తూ అనేశాడు, ఇంకా ఎవరూ వినని పాట ఒకటుందని.

ఉంది. ఎక్కడుందన్నదే చిక్కు.

కండక్టరమ్మ పాటలు కాగితం మీద ఉండవు. ఒక చేతిలో టిక్కెట్లు, రెండో చెయ్యి పైన కడ్డీకి. రాయడానికి ఇంకో చెయ్యేది? బస్సులోనే కట్టేది, బస్సులోనే దాచేది. పల్లవి ఒక ప్రయాణికుడికి చెప్పేది, చరణం ఇంకొకరికి. వారం పోయాక "ఏదీ నా ముక్క?" అని చెయ్యి చాపేది. పాడి వినిపిస్తే ఉన్నట్టు. మర్చిపోతే పోయినట్టు.

"జనానికి గుర్తుండని లైనుకి నా బస్సులో సీటు లేదు. దింపెయ్యడమే," అనేది.

మొత్తం పాట ఒక్కరికే చెప్పొచ్చు కదా అంటే నవ్వేది. "మొత్తం ఇస్తే దిద్దడం మొదలెడతారు. ముక్క ఇస్తే కాపలా కాస్తారు."

ఒకరి ముక్క ఇంకొకరు ఎత్తకూడదు. అదొక్కటే కట్టుబాటు.

జ్వరం ఊపిరితిత్తులకు చేరి, ఊళ్లను ఊపిన గొంతు ఆసుపత్రి మంచం మీద గుసగుసగా మిగిలినప్పుడు కూడా ఆ పద్ధతి వదల్లేదు. పల్లవి మొగుడి చెవిలో వేసింది. మొదటి చరణం అమ్మకిచ్చింది. ఆఖరిది అక్కకి. బాణీ మాత్రం మంచం పట్టె మీద వేళ్లతో దరువేస్తూ మాస్టారుకి.

ముక్కలు తిరిగి అడగడానికి మాత్రం ఉండలేదు. నలభై కూడా రాకుండానే వెళ్లిపోయింది.

నిన్న అన్నాల దగ్గర మాస్టారు మూడో ముక్క ఊసెత్తగానే అక్క కంచం పక్కకు తోసింది. "నేను చెప్పను. నన్నడక్కండి," అంది. పొద్దున్నుంచీ ఈ తలుపు.

"నాకు తెలుసు దీని సంగతి," అంది అమ్మ. "పాట నేర్పింది తను, పేరొచ్చింది చెల్లెలికి. ఆ కచ్చ ఇప్పుడు తీర్చుకుంటోంది."

"అత్తయ్యా." డ్రైవరు నోరు తెరవడం ఆ పొద్దుటికి అదే మొదలు.

"ఏం, అబద్ధమా?"

"వదిన వింటుంది."

"వినాలనే అంటున్నా!"

మాస్టారు మధ్యలో దూరాడు. "పోనీ అమ్మగారూ, ఆ చరణం ఎవరైనా కవిగారి చేత రాయిస్తే? ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేశారు. కండక్టరమ్మంటే ప్రాణం వాళ్లకి. ఒక్క పూటలో..."

అమ్మ చూసిన చూపుకి టోపీ దానంతటదే నెత్తికెక్కింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! నా కూతురి పాటకి పరాయి తోక అతికిస్తావా?"

డ్రైవరు వీళ్ల మాటలు వినడం లేదు. అతని చెవి లోపలి చప్పుడు మీదుంది. ఏళ్ల తరబడి ఇంజను పక్కన కూర్చున్న మనిషి. బరువు లాగే చప్పుడు వేరు, ఉత్తినే తిరిగే చప్పుడు వేరు.

తలుపు దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. "వదినా. సూది కింద గుడ్డ లేదు."

మిషన్ ఆగిపోయింది.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు ఒక మనిషి పట్టేంత తెరుచుకుంది. అతను లోపలికెళ్లగానే మళ్లీ మూసుకుంది.

"చూశావా మాస్టారూ! కన్నతల్లికి లేదు గానీ మరిదికి దొరికింది దర్శనం!"

* * *

గది గోడ పొడుగునా కొక్కేలకు ఖాకీ చొక్కాలు వేలాడుతున్నాయి. వేల మంది ముందు వేదికెక్కినా కండక్టరమ్మ తొడుక్కునేది ఆ చొక్కాయే. అన్నీ అక్క కుట్టినవే. ఈల పట్టేలా ఎడం జేబు కాస్త లోతుగా ఉంటుంది ప్రతి దానికీ.

అక్క మిషన్ ముందు స్టూలు మీద కూర్చుంది. పెదాల మధ్య గుండుసూదులు. కుట్టేటప్పుడు అలవాటు. మాట్లాడకుండా తప్పించుకోవడానికీ పనికొస్తుంది.

అతను నేల మీద చతికిలబడ్డాడు.  వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ ఈల వేశారు. ఆమె పాటే.

"తీసెయ్ వదినా ఆ సూదులు. మింగుతావు."

ఒక్కొక్కటే తీసి మిషన్ పక్కనున్న బొంతకు గుచ్చింది.

"అత్తయ్య మాటలకి కోపమా?"

"అమ్మ అననిదెప్పుడు?"

"మరి?"

"నా దగ్గర లేదు."

"ఏది?"

"అది ఇచ్చిందే. ఆ చరణం. మర్చిపోయాను మరిదీ. ఒక్క మాట... ఒక్క మాటైనా లేదు."

డ్రైవరు తలెత్తి చూశాడు.

"దగ్గరికి రమ్మంది. వంగాను. చెవిలో చెప్తూనే ఉంది. నా కళ్లేమో దాని మెడ మీదున్నాయి. చొక్కా ఎంత వదులైపోయిందనుకున్నావు! కాలరు ఎముక మీద నిలవడం లేదు. భుజం దగ్గర ఇంత లోపలికి పట్టాలి, చంకల్లో ఇంకాస్త తియ్యాలి అని కళ్లతోనే కొలుస్తున్నా. చెల్లెలు పోతుంటే కొలతలు తీసుకున్నాను నేను! చెప్పడం అయ్యాక అది నవ్వింది. అది నవ్విందని నేనూ నవ్వాను. దేనికో తెలీదు."

"ఇంకోసారి చెప్పమనాల్సింది."

"చెప్పిందే ఆయాసపడుతూ చెప్పింది. ఎలా అడగను? రేపు అడుగుదాంలే అనుకున్నా."

తెల్లారేసరికి అడగడానికి మనిషి లేదు. 

"అమ్మతో అనకు," అంది అక్క. "కచ్చ అనుకోనీ, మొండిదనుకోనీ. పడతాను. చెల్లెలి ఆఖరి మాట చెవిన పెట్టలేదని మాత్రం తెలియనివ్వకు."

డ్రైవరు చొక్కాల వైపు చూస్తూ అడిగాడు. "గుడ్ల బుట్టావిడ గుర్తుందా వదినా?"

గుర్తులేకపోవడమేం! ఆ పాటతోనే కదా కండక్టరమ్మ పేరు ఊరు దాటింది. 'తలుపు దగ్గర నిలబడకమ్మా, తలుపుకి కోపం వస్తుంది' అని కట్టి, రోజూ బస్సెక్కే గుడ్ల బుట్టావిడకి ఇచ్చింది. వారం తర్వాత ఆవిడ ఊగుతూ పాడింది, 'తలుపుకి సిగ్గు వేస్తుంది' అని. బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మ మాత్రం ఈల ఊది బస్సాపించి, ఆవిడ బుగ్గలు పుణికింది. "నా దానికన్నా నీదే బాగుంది పిన్నీ. ఇదే ఉంచేస్తా!" పిల్లలు, పెద్దలు, చివరికి డిపోలో బస్సులు కడిగేవాళ్లు కూడా ఆ సిగ్గుపడే తలుపునే పాడారు.

"ఆవిడ తప్పుగానైనా తెచ్చింది," అంది అక్క. "నేను వట్టి చేతులతో వచ్చాను."

డ్రైవరు లేచి చెయ్యి అందించాడు.

"రా. మైకు ముందు నిలబడు. గుర్తొస్తే పాడు. రాకపోతే పాటకి రెండు ముక్కలేనని మాస్టారుతో నేనే చెప్తాను. అంతేగానీ ఈ గదిలో కూర్చుని ఉత్తి మిషన్ తొక్కకు."

తలుపు తెరిచి బయటివాళ్లతో అన్నాడు. "వదిన వస్తోంది."

"పాడుతుందా?" అంది అమ్మ.

"వస్తోందన్నాను అత్తయ్యా."

* * *

స్టూడియోకి బస్సులోనే వెళ్లారు. డ్రైవరు ప్రయాణికుడిగా బస్సెక్కడం ఎవరికీ అలవాటు లేదు. ఏ సీట్లో కూర్చోవాలో తెలియక అతనే తికమకపడ్డాడు. ఇద్దరు లేచి చోటిచ్చారు. ముందు సీట్లోని కళ్లద్దాల పెద్దాయన వెనక్కి తిరిగి చూసి గుర్తుపట్టేశాడు.

"నువ్వు కండక్టరమ్మ డ్రైవరువి కదూ! ఆవిడకి మెమో ఇచ్చిన మర్నాడు నేను ఇదే బస్సులో ఉన్నానయ్యా."

"ఏం మెమో?" అంది పక్కన నిలబడ్డ అమ్మాయి.

"డ్యూటీలో పాడకూడదని డిపో మేనేజరు ఇచ్చాడమ్మా. ఆవిడ మూతికి గుడ్డ కట్టుకున్నట్టు నోరు మూసుకుని టిక్కెట్లు చింపుతోంది. మాకు తోచలేదు. వెనక సీట్లోంచి ఎవడో ఎత్తుకున్నాడు. మార్కెట్టు వచ్చేసరికి బస్సు బస్సంతా పాడుతోంది. సరిగ్గా అప్పుడే మేనేజరు ఎదురొచ్చి బస్సాపాడు. ఎవరా పాడేది అని కేక. ఆవిడేమందో తెలుసా? 'నేను కాదు సార్. వీళ్లందరికీ మెమోలివ్వండి' అంది!"

బస్సు నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు, ఇంటి నుంచి శవం వెళ్లాక మొదటిసారి.

"ఆ మేనేజరు ఇంకో నెల తిరక్కుండా కూతురి కోసమని ఆవిడ దగ్గరికే వచ్చాడట, ఒక ముక్క ఇమ్మని," అన్నాడు పెద్దాయన. "ఇచ్చింది. మనసులో ఏదీ పెట్టుకునే మనిషి కాదు. మన చెప్పులు, మన గొడుగులు, మన కునుకుపాట్లు, అన్నీ పాటలు కట్టిపెట్టింది. నేను సీట్లో నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోతే దాని మీదా కట్టింది, గురక పెట్టే చోట ఈలతో సహా. ఆ పాట వచ్చాక ఇంట్లో నా పరువు పోయిందనుకో!"

అమ్మాయి అప్పటికే ఆ గురక పాట అందుకుంది. ఇంకెవరో కలిశారు. ఏ మాటా తడబడలేదు. ముక్కూ మొహం తెలియని మనుషులు. వాళ్లకి అన్నీ గుర్తున్నాయి.

అక్క కిటికీ కడ్డీ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

"మీరామె అక్కగారు కదూ?" అంది ఆ అమ్మాయి వంగి. "సాయంత్రం మేమంతా డిపోకి వస్తున్నాం. ఆఖరి ముక్క మీ దగ్గరే ఉందటగా. అదృష్టవంతులు."

అక్క తల ఊపింది. ఔననో కాదనో ఎవరికీ అర్థం కాలేదు.

* * *

స్టూడియో అంటే రెండు గదులు, మధ్యన గాజు. ఒకవైపు మైకు, ఇంకోవైపు మీటలూ మాస్టారూ.

ముందు డ్రైవరు పాడాడు. పాటగాడు కాదు. ఎత్తు మీద గేరు మార్చినట్టుంది గొంతు. అయినా మాట చెదరలేదు.

'దిగేవాళ్లకు దారివ్వండి, ఎక్కేవాళ్లు కాస్త ఆగండి
నాతో వచ్చిన గాలికి కూడా కిటికీ పక్కన చోటివ్వండి.'

మాస్టారు ఒక మీట మీద చెయ్యేసి, ఇంకో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. పోతున్నానని తెలిసి కట్టిన పల్లవి. అందులో ఏడుపు లేదు. రోజూ బస్సులో వేసిన కేకే పాటైంది. ఎంత గొప్పవాళ్లకైనా అంత తేలిగ్గా రాదది.

తర్వాత అమ్మ. హెడ్‌ఫోన్లు చూసి గొణిగింది. "చెవులకి ఈ గిన్నెలెందుకు బోర్లించుకోవడం? నా కూతురి పాట నాకు గిన్నెల్లోంచి వినపడాలా?" కానీ మైకు ముందు నిలబడగానే వెన్ను నిటారైంది.

'చిల్లర లేదని చిరాకు పడకు, నవ్వొకటిచ్చి కూర్చో
నిలబడి నిలబడి కాళ్లు లాగితే నా భుజమానుకు నుంచో.'

చివర్లో గొంతు వణికింది. మాస్టారు ఆ వణుకు ఉంచేశాడు.

ఇక అక్క.

బాణీ మొదలైంది. ఆమె ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది, పోయింది. నోరు మెదపలేదు.

"అమ్మా, అక్కడ మీరందుకోవాలి," అన్నాడు మాస్టారు, మాట గాజు అవతలికి వినిపించే మీట నొక్కి. "మళ్లీ వేస్తాను."

మళ్లీ వేశాడు. మళ్లీ ఆ చోటు ఖాళీగా దాటిపోయింది.

"చూడు దాని మంకుతనం," అంది గాజు ఇవతల అమ్మ. "ఊరంతా ఎదురు చూస్తున్నా సరే!"

డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. ఇక దాచి లాభం లేదు. మాస్టారు భుజం మీద చెయ్యి వేసి చెప్పబోయాడు.

బాణీ మూడోసారి మొదలైంది. అక్క కళ్లు మూసుకుంది. కుడిచెయ్యి తన మెడ దగ్గరికి వెళ్లింది. బట్ట అంచు రెండు వేళ్లతో పట్టుకుని, వదులెంతో చూస్తున్నట్టు మడిచింది. అప్పుడు పాడింది.

'కొలత తగ్గిన చొక్కా నీది, కుట్లు గట్టిగా వెయ్యలేదు
ఒళ్లు చేస్తే విప్పుదామని అంగుళం గుడ్డా కొయ్యలేదు.'

బాణీ ఆగింది.

ముందు తేరుకున్న నోరు మాస్టారుదే. "ఇదీ కండక్టరమ్మంటే! ప్రాణం పోతూ కూడా తన మాట చెప్పుకోలేదు చూడండి. అక్క మనసులో దూరి అక్క మాట కట్టింది! ఎవరికొస్తుందండీ ఇలాంటిది?"

డ్రైవరు మాస్టారు భుజం మీంచి చెయ్యి తీసేశాడు. అది ఎవరి మాటో అతనొక్కడికే తెలుసు.

ఒక్కడికే అనుకున్నాడు.

"అది కాదు," అంది అమ్మ.

"ఏమిటమ్మగారూ?"

"చిన్నది ఇచ్చిన ముక్క అది కాదు."

డ్రైవరు గిరుక్కున తిరిగాడు. "మీకెలా తెలుసు అత్తయ్యా?"

"మంచం చివర కూర్చుని దాని పాదాలు ఒత్తుతోంది నేనే కదా. గుసగుసైతే మాత్రం, కన్నదాని గొంతు వినపడదా? నీకు చెప్పిందీ విన్నాను, పెద్దదానికి చెప్పిందీ విన్నాను. పరాయి ముక్క ఎత్తకూడదు గనక నోరు మూసుకున్నా. దాని నోటితోనే చెప్పిద్దామని తలుపు బాదాను."

"ఏమని చెప్పింది?" అన్నాడు మాస్టారు.

"పెద్దదాని మీదే కట్టింది. సూదులు పెట్టుకున్న ఆ మూతి మీద. అంతా వెక్కిరింతే. వెక్కిరించి, వెక్కిరించి, చివర్లో ఒక్క మాట..." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ మాట దీనికి చెప్పిపోవడానికే ఆ పాట కట్టిందనుకున్నాను నేను. దాన్ని మార్చేసి పాడింది! ఎందుకు మార్చిందిది?"

"మార్చలేదు అత్తయ్యా. మర్చిపోయింది." డ్రైవరు నేల వైపు చూశాడు. "చెల్లెలు చెప్తుంటే ఆ వదులు చొక్కానే చూస్తూ ఉండిపోయిందట. ఒక్క మాటా చెవిని పడలేదట. మీకు తెలుస్తుందనే తలుపేసుకుంది."

అమ్మ మొహంలో కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పొద్దుట తలుపు బాదుతూ అన్న మాటలన్నీ తిరిగి తన మీదికే వచ్చినట్టు కుర్చీ పట్టుకుంది.

"కచ్చ అన్నాను దాన్ని," అంది.

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇష్టం లేకపోయినా అడగక తప్పలేదు. "అమ్మగారూ, ఇప్పుడు ఏది ఉంచమంటారు? అసలు ముక్క మీరు చెబితే పాడిస్తాను, ఇది తుడిచేస్తాను. లేదంటే ఇదే సాయంత్రం జనం నోట్లోకి వెళ్లిపోతుంది. ఒకసారి వెళ్లిందంటే ఇక వెనక్కి రాదు. మీరే చెప్పాలి."

చెబితే చిన్నకూతురి ఆఖరి మాట బతుకుతుంది. ఎవరి కోసం అన్నదో వాళ్ల చెవిన పడుతుంది. కానీ గాజు అవతల ఇప్పుడే పుట్టింది చెరిగిపోతుంది. చెల్లెలు నాకేం చెప్పిందో కూడా వినలేదని పెద్దకూతురు తల్లి ముందే ఒప్పుకున్నట్టవుతుంది. చెప్పకపోతే ఆ వెక్కిరింత, ఆ చివరి ఒక్క మాట, అమ్మ ఒక్కత్తె దగ్గరే ఉండిపోతాయి. అమ్మ వయసేమీ తగ్గడం లేదు.

అమ్మ మీటల బల్ల దగ్గరికి నడిచింది. ఎవరినీ అడక్కుండా, ఇందాక మాస్టారు నొక్కిన మీట మీద వేలు వేసి నొక్కింది.

"పెద్దదానా," అంది.

అక్క కళ్లు తెరిచింది. గాజు ఇవతల ముగ్గురి మొహాలూ చూసింది. మెడ దగ్గరి చెయ్యి కిందికి జారింది.

"ఏంటమ్మా?" అంది మైకులోంచి. "తప్పు పాడానా?"

అమ్మ మీట మీంచి వేలు తియ్యలేదు.